జాన్ బాబు అన్నయ్య మీదికి నెట్టిన తప్పు

నిన్న పొద్దున్న బస్సు ఎక్కుతుంటే ఫోన్. జాన్ బాబు అన్నయ్య పోయారట. గుండెపోటు.

నమ్మలేదు. ఆయన నంబర్‌కే కాల్ చేశాను. వదిన ఎత్తి ఏడ్చింది.

మా వ్యవసాయ ఆఫీసులో డేటా ఆపరేటర్‌గా చేసేవారు ఆయన. నోట్లో నాలుక లేని మనిషి. నాకు పని నేర్పింది ఆయనే.

చేరిన కొత్తలో ఒక రైతు ఫోన్ నంబర్ మీదే ఇంకో నంబర్ కొట్టేశాను. కోప్పడలేదు. "పాతది తప్పని తెలిస్తేనే తియ్యమ్మా. తెలీకపోతే పక్క కాలమ్‌లో రాయి" అన్నారు.

వరదకి చేలు మునిగాక, ఉచిత విత్తనాలకి లిస్టు అడిగారు. మా వైపు కౌలంతా నోటిమాటే కదా. కాగితం మీద ఉండేది యజమాని, బురదలో ఉండేది కౌలు రైతు. అన్నయ్య బండి మీద చేను చేనుకీ తిరిగి, సాగు చేసేవాళ్ళ పేర్లు ఎక్కించారు.

తర్వాత సర్వే నంబర్‌ని బట్టి భూమి రికార్డులోని వివరాలు దానికి కలపాలి.

"యజమాని పేరు వేరే కాలమ్‌లో పెడదామండి. ఉన్న పేరు మీద పడకూడదండి" అని సూపర్‌వైజర్ గారికి నా ముందే చెప్పారు.

ఆయనకి తొందర. అన్నయ్య భోజనానికి వెళ్ళగానే, అన్నయ్య లాగిన్‌లోనే కలిపేసి లిస్టు పైకి పంపేశారు.

సాయంత్రం సెర్చ్ చేస్తే ఒక్క కౌలు రైతు పేరూ లేదు. అన్నీ యజమానులవే.

పాత ఫైలు ఉంది, మళ్ళీ పంపుదామని అన్నయ్య బతిమాలారు. తప్పు బయటపడుతుందని సూపర్‌వైజర్ గారు ఒప్పుకోలేదు.

విత్తనాలు రాని రైతులు వచ్చి అన్నయ్య చొక్కా పట్టుకున్నారు. "మా పొట్ట కొట్టావు కదయ్యా" అన్నారు. సూపర్‌వైజర్ గారు పక్కనే నిలబడి, "ఎంట్రీ చేసింది ఇతనేనండి" అన్నారు.

అన్నయ్య ఉద్యోగం పోయింది.

నేను నోరు విప్పబోతే అన్నయ్యే ఆపారు. "నీ ఉద్యోగం కూడా పోద్దమ్మా, ఊరుకో."

ఊరుకున్నాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

నిన్న ఆ పెద్దమనిషి దండ పట్టుకుని వచ్చారు. మొసలి కన్నీళ్ళు కార్చి, ఫొటో దిగి, "నా కుడి భుజం పోయింది" అని పోస్ట్ పెట్టారు.

సూపర్‌వైజర్ గారూ, ఇది మీరు చదువుతారని తెలుసు. ఆ పాత ఫైలు నా దగ్గరుంది. ఆ మధ్యాహ్నం మీరు ఆయన సీట్లో కూర్చోవడం నేను చూశాను.

రేపు భూస్థాపనకి ఆ రైతులంతా వస్తున్నారు. అది అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి ఆ ఫైల్లోని ప్రతి కౌలు రైతు పేరూ గట్టిగా చదువుతాను. ఆఖరున మీ పేరు. మీరూ రండి. ఈసారి దండ అక్కర్లేదు.

వెళ్ళిరండి అన్నయ్యా. ప్రభువు దగ్గర మీకు నెమ్మది దొరకాలి.

సూపర్‌వైజర్ గారికి మాత్రం అది నేను దొరకనివ్వను.