నూలు కట్టలో తరుగు

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గది మొత్తం మగ్గానికే సరిపోయేది. మా ఆయన నంద్యాల షావుకారు దగ్గర ఐదు కిలోల నూలు కట్ట తెచ్చి నేసేవాడు. చీరలతోపాటు తెగిన పోగులు కూడా సంచిలో వేసి తిరిగివ్వాలి. గంజి బరువు పోను, అన్నీ కలిపితే కట్ట మీద అచ్చేసిన తూకం రావాలి. నాకప్పటికి అక్షరం రాదు. ఆ అచ్చులో ఏముందో ఆయన చెప్తేనే తెలిసేది.

వరుసగా తూకం తగ్గుతూ వచ్చింది. రాట్నం మీద నూలు కండెలకు చుట్టేది నేను కాబట్టి అనుమానం నా మీదికే మళ్లింది. చాగలమర్రిలో మా పుట్టింటివాళ్లదీ నేతపనే. మా అన్న మగ్గానికి నూలు పంపుతున్నానని అత్త పొయ్యి ఊదుతూ గొణిగేది. తూకం సరిపోయేదాకా పుట్టింటికి పోయేది లేదని తేల్చేసింది. అమ్మకు కళ్లు మసకబారుతున్నాయని కబురొచ్చినా కదలనివ్వలేదు. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, వినపడనట్టు నేస్తూ ఉండేవాడు.

తర్వాతి కట్టకు అత్త రాట్నం పక్కనే పీట వేసుకుంది. నేను దొడ్లోకి పోతే వెంట వచ్చేది. తెగిన పోగులు తానే ఏరి సంచిలో వేసి, మూతి తానే కట్టింది. ఈసారైనా సరిపోతుందని నేను లోలోపల సంతోషపడ్డాను.

నంద్యాలలో మళ్లీ తగ్గింది.

ఆ మాట వినగానే అత్త, ఆయన తెచ్చిన కొత్త కట్టను తాడు తెంచకముందే తూయించమని కొడుకును తిరిగి పంపింది. తూస్తే, విప్పని ఆ కట్టే అచ్చులో ఉన్నదాని కన్నా తక్కువ తూగింది. షావుకారు నవ్వి, మిల్లు కట్టకు కాస్త తరుగుండొచ్చని సర్కారు చట్టమే ఒప్పుకుందని, అది ఎవరి తప్పూ కాదని చెప్పాడట.

"మన తూకానికీ అట్లే ఒప్పుకోమని అడగలేదా?" అంది అత్త.

"అడిగినాను. తాడు తెంచినాక ఆ చట్టం మీకు లేదప్పా అన్న్యాడు. ఇష్టం లేకుంటే వేరే షావుకారును చూసుకోమన్న్యాడు."

వేరే షావుకారు లేడు. మా ఆయన కట్ట దించి తాడు తెంచాడు.

సాయంత్రం అత్త నా దగ్గరికొచ్చి, "మే, రేపు చాగలమర్రికి పోయిరా. మీ యమ్మను చూసిరా" అంది.

పొద్దున్నే సంచి సర్దుకుని గడప దాటబోయాను. "సంచి ఈడ పెట్టు" అంది. నా చీరలు ఒక్కొక్కటే విప్పి దులిపింది, అడుగున చెయ్యి పెట్టి తడిమింది. మళ్లీ మడతలు పెట్టి, అన్నీ లోపల సర్ది, సంచి నా చేతికిచ్చింది.

"బస్సు పోతాది, బిరీన పో" అంది, నా మొహం చూడకుండా.