కంప్యూటర్ కిటికీ దగ్గర దామోదరం

దామోదరానిది సత్యవేడు. తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్లో కిటికీ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకు వాళ్ళ లెక్కలో తప్పేమిటో చెప్పడం అతని ఉద్యోగం. ఎనిమిదేళ్ళుగా టెంపరరీ. ఏటా మార్చిలో తీసేస్తారు, ఏప్రిల్లో మళ్ళీ రమ్మంటారు. పర్మనెంటు కావాలన్నది తప్ప ఆ మనిషికి మరో కోరిక లేదు.

ఎనభై నాలుగు నాటి మాట. పరిశోధన చేసేవాళ్ళు అట్టకార్డులకు చిల్లులు కొట్టించుకుని, ఆ కట్టను కిటికీలో ఇచ్చి, ఫలితం కోసం మర్నాడు వచ్చేవాళ్ళు. లెక్కలు కట్టే ప్రోగ్రాములు అందరికీ ఉమ్మడివి. వాటిని రాసిన పెద్దమనిషి ఎప్పుడో మద్రాసు వెళ్ళిపోయాడు. కార్డుల్లో ఏ పొరపాటున్నా అవి ‘ఎర్రర్ 31’ అనో ‘ఎర్రర్ 58’ అనో ఒక అంకె అచ్చేసి ఊరుకునేవి. ముప్పై ఒకటి అంటే ఏమిటో ఎక్కడా రాసిలేదు. ప్రోగ్రాములన్నీ చదివి తెలుసుకున్నవాడు దామోదరం ఒక్కడే.

నగరి నుంచి రోజూ రైల్లో వచ్చే మునిలక్ష్మి చెనిక్కాయల, అంటే వేరుశెనగ, దిగుబడి మీద పరిశోధన చేస్తోంది. దామోదరం జ్వరంతో పడుకున్న తొమ్మిది రోజులూ ఆమెకు ముప్పై ఒకటే వచ్చింది. దిక్కుతోచక, బాగున్న కార్డులు కూడా మార్చి పాడుచేసుకుంది. అతను తిరిగొచ్చి చూస్తే జరిగిందల్లా రెండు కార్డులు వరస తప్పడం.

“నన్ను అడిగుంటే నిమిషం పని గదమ్మా,” అన్నాడు.

“నువ్వు యాడుండావో ఎవురికి తెలుసన్నా?” అని ఆమె ఏడ్చేసింది.

ఆ ఏడుపు అతన్ని నిద్రపోనివ్వలేదు. ఆరు నెలలు, పనివేళ దాటాక కూర్చుని, నూట పద్నాలుగు అంకెలనూ మాటలుగా మార్చాడు. ఇప్పుడు యంత్రం ‘నలభయ్యో కార్డు వరస తప్పింది, సరిచేసి ఇవ్వండి’ అని చెబుతుంది. ఇంగ్లీషులోనే అయినా చదివినవాళ్ళకు అర్థమయ్యే ఇంగ్లీషు. కిటికీ దగ్గర జనం పలచబడ్డారు. అది చూసి మురిసిపోయాడు, వెర్రిబాగులవాడు.

సెంటర్ హెడ్డు దొరస్వామి గారు పిలిపించారు.

“గొప్ప పని చేసినావప్పా. వాడుకునేవాళ్ళ చేత నాలుగు మాటలు రాయించుకోనిరా. పైకి పంపిస్తా.”

దామోదరం పర్మనెంటు ఆర్డరు చేతికొచ్చినట్టే సంబరపడ్డాడు. కాగితం మునిలక్ష్మి రాసింది. కొత్త మాటలు ఎంత తేటగా ఉన్నాయో, ఎవరినీ అడగకుండా తప్పులు ఎలా దిద్దుకుంటున్నారో వివరంగా రాసి, చివర ‘దామోదరం గారిని పర్మనెంటు చేయవలసిందిగా కోరుతున్నాము’ అని పెట్టింది.

“ఆ ముక్క తీసేయమ్మా. పెద్దాయనకు మనం బుద్ధి చెప్పినట్టుంటాది. ఆయనకు తెలీదా?”

ఆమె ఆ ముక్క తీసేసి మళ్ళీ రాసింది. ముప్పై రెండు సంతకాలు దామోదరమే గదిగదికీ తిరిగి చేయించాడు.

దొరస్వామి గారు తీరిగ్గా రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

“ఆ కిటికీ పోస్టు ఎత్తేయమని పోయినేడే రాసినానప్పా. అవసరం లేదనేదానికి రుజువు యాడుండాదని తిప్పి పంపినారు. ఇప్పుడు ఎవురినీ అడిగే పని లేదని ముప్పై రెండు మంది రాసిచ్చినారు.”



“సార్, వాళ్ళు రాసింది నన్ను పర్మనెంటు చేయమని సార్.”

“ఆ మాట యాడుండాదో సూపించు.”

దామోదరం కాగితం తీసుకుని వెతికాడు. లేదని తెలిసీ పైనుంచి కిందికి ప్రతి వరసా వెతికాడు.

“పని చేసినోడివి నువ్వు. నీ సంతకం లేకుంటే ఏం బాగుంటాది?” అని హెడ్డు గారు తన పెన్ను మూత తీసి ఇచ్చారు.

ఆయన ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టనని దామోదరం ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ అనలేదు. ముప్పై రెండో పేరు కింద తన పేరు రాశాడు. సరిగా పడలేదని ఆయనంటే మళ్ళీ దిద్దాడు.