పెట్టెకో వెంట్రుక కావాలి

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఇంటర్వ్యూకు వెళ్లిన ప్రతి కంపెనీ ‘ఫోన్ చేస్తాం’ అని చెప్పి నా ఫోన్‌ను మౌనవ్రతంలో కూర్చోబెట్టిన రోజుల్లో, నేను మా పెద్దనాయిన దగ్గర సోల్డరింగ్ చేసేవాడిని. ఆయన ప్రభుత్వ కంపెనీలో మీటర్లు బాగుచేసి రిటైరై, నాచారంలో ఒక షట్టర్ గది తీసుకుని రేడియోనిక్స్ పెట్టెలు తయారుచేసేవాడు. పెట్టె మీది గిన్నెలో రోగి వెంట్రుక వేయాలి (దాన్ని ‘సాక్షి’ అంటారు). నాబ్‌లు తిప్పుతూ రబ్బరు పలక మీద వేలు రుద్దాలి. వేలు అతుక్కుంటే రోగం దొరికినట్టు. ఆపైన పెట్టెలోంచి తరంగాలు బయల్దేరి, రోగి ఎక్కడున్నా వెళ్లి బాగుచేస్తాయి. మొదటి మోడల్ బిస్కెట్ డబ్బాలో, రెండోది పాత స్టెబిలైజర్ డొల్లలో పుట్టాయి. మే నెలలో ఎవరి వెంట్రుక వేసినా వేలు చెమటకు అతుక్కుని కాలనీ మొత్తం రోగిష్టిదని తేలింది. ఈ మాట నేనంటే పెద్దనాయిన నవ్వేవాడు. పెద్దమ్మకు క్యాన్సరని తెలిశాక మానేశాడు.

దవాఖానా మందులు నడుస్తూనే ఉన్నాయి. పెట్టె కూడా నడవాలని ఆయన పట్టు. మూడో మోడల్ తయారై ఉప్పల్‌లో వాళ్లింటికి చేరేసరికి, కీమోకు పెద్దమ్మ జుట్టంతా రాలిపోయింది. రాలినదంతా కవర్లో దాచి, ఆ పొద్దున్నే వెంట్రుకలు కొనే బండివాడికి ఇచ్చి స్టీలు డబ్బా తీసుకుంది. పెద్దనాయిన దిండ్లు దులిపాడు, దువ్వెన సందులు గీకాడు, మంచం కిందికి దూరాడు.

“అన్నంల ఒక్క ఎంటిక వస్తే కంచం నూకేటోడు,” అంది పెద్దమ్మ నాతో. “ఇప్పుడు సూడు, గా ఎంటిక కోసమే ఇల్లంత పాకుతుండు.”

బండివాణ్ణి వెతుకుతూ స్కూటర్ మీద బయల్దేరాం. ‘తల వెంట్రుకలకు స్టీలు సామాన్లు’ అని మైకు ఒక గల్లీలో మోగితే మేము ఇంకో గల్లీలో ఉండేవాళ్లం. చివరికి హబ్సిగూడలో టీ కొట్టు ముందు దొరికాడు. సంచి విప్పితే దారిపొడుగునా ఉన్న ఆడవాళ్ల జుట్టంతా కలగలిసి ఉంది. (ఇంతమంది సాక్షులుంటే ఏ కేసూ తేలదన్నాను. ఎవరూ నవ్వలేదు.) పెద్దనాయిన రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో ఉండనూ వెలుతురుకు పట్టి చూశాడు. ఏది తీసుకున్నా ఒకటేనన్నాడు బండివాడు. ఆయన ఒకటి తీసి రుమాలులో కట్టాడు.

“గిదే. నాకు తెల్వదా?”

ఇంటికొచ్చి గిన్నెలో వేసి రుద్దాడు. నాబ్‌లు ఎంత తిప్పినా వేలు అతుక్కోలేదు. రోగం లేదు. (చలికాలం, వేళ్లు పొడిబారి ఉన్నాయి. ఇలాంటిది పైకి అనకుండా ఆపుకోవడం నాకదే మొదటిసారి.) ఆయన కాసేపు బల్ల మీద తలవాల్చి, లేచి, కళ్లు తుడుచుకుని జిలేబి తేవడానికి పరుగెత్తాడు.

పెద్దమ్మ గిన్నెలోకి తొంగి చూసింది. “నాది సగం తెల్లవడ్డది గదరా. గంత నలుపు పెండ్లప్పుడుండె. గిది ఎవలదో. మీ పెద్దనాయినకు చెప్పకు.” మళ్లీ మంచమెక్కి దుప్పటి కప్పుకుంటూ అంది, “ఆమెనన్నా మంచిగుండనీ.”

నోటికి ఏ రుచీ తెలియని మనిషి ఆ సాయంత్రం జిలేబి మస్తుందంటూ తిన్నది. నెల తిరక్కుండానే పోయింది. పెద్దనాయిన మాత్రం గిన్నెలో ఆ వెంట్రుకలు తీయలేదు, పెట్టె ఆపలేదు. తరంగాలు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాయి.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. ఉప్పల్ మెట్రో మెట్ల మీద ఒత్తయిన నల్లటి జడ ఏదైనా ముందు నడుస్తుంటే, “ఆరోగ్యం ఎట్లుందమ్మా?” అని అడగాలనిపిస్తుంది. అడిగితే చెంప పగులుతుందని తెలుసు. ఏ ఏడుపుకైనా ఒక జోకు జేబులో పెట్టుకు తిరిగిన ఆనాటి కుర్రాణ్ణి తల్చుకుని నవ్వుకుంటాను. ఆమె నూరేళ్లు ఉండాలని మనసులో అనుకుని, రైలెక్కుతాను.