నెరిడా కేకు ఎరగని ఊళ్ళు

సిడ్నీకి ఎంతో దూరంలో ఉన్న మా బెరిగుండా ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళెవరిని అడిగినా నా భార్య నెరిడా గురించి ఒక కథ చెబుతారు. బడి బస్సు నడిపేది తనే. గోధుమ పొలాల మధ్య, గొర్రెల దొడ్ల పక్కన, వానొస్తే బురదయ్యే ఎర్రమట్టి రోడ్ల మీద వాళ్ళందరినీ బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది. వెనక సీట్లలో కొట్లాట మొదలైతే బస్సు రోడ్డు మధ్యలో ఆపేసి, తాళం చెవి జేబులో వేసుకుని, ఊలు బయటికి తీసి అల్లుకుంటూ కూర్చునేది. తప్పు చేసినవాడు క్షమాపణ చెబితే గాని బస్సు కదిలేది కాదు. బ్యాంకు మేనేజరు కొడుకైనా, గొర్రెల బొచ్చు కత్తిరించేవాడి కొడుకైనా ఒకటే న్యాయం. మీ వాడు అబద్ధాలాడుతున్నాడని తల్లి మొహం మీదే చెప్పేది. అందుకే ఊరికి ఆమె అంటే గౌరవం, గౌరవం కంటే కాస్త ఎక్కువగా భయం.

అంతటి మనిషికి ఒక్క చోట మాత్రం తల వంగేది. ఏటా మార్చిలో జరిగే ఊరి షోలో, అంటే పంటలకూ పశువులకూ వంటలకూ పోటీలు పెట్టే ప్రదర్శనలో, కేకుల బల్ల దగ్గర.

మా దగ్గర షో అంటే ఎద్దులూ గొర్రెలూ గుమ్మడికాయలే కాదు, ఎండుపళ్ళ కేకు కూడా. ఆ పోటీకి వంట పద్ధతి అందరికీ ఒక్కటే. పిండీ వెన్నా గుడ్లూ ఎండుద్రాక్షా ఎవరికీ ఒక పిసరు ఎక్కువా తక్కువా ఉండకూడదు. కాబట్టి గెలిచినా ఓడినా చేతి పనితనమే, సాకులు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. నెరిడాకు ఏటా రెండో బహుమతి. మొదటిది మా పక్కవీధి గ్లెనిస్‌కు. కొన్నేళ్ళు పోటీకి వచ్చినవే రెండు కేకులని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. బయటి ఊరి నుంచి జడ్జిని పిలిచే ఆనవాయితీ మా ఊళ్ళో ఎప్పుడో తప్పిపోయింది, ఊరివాళ్ళే చూసి మార్కులేస్తారు. నెరిడా కేకు పక్కన పెట్టే కార్డు మీద ఏటా ఒకటే మాట: "చక్కని ప్రయత్నం."

ఆ కార్డు చూసినప్పుడల్లా పళ్ళు నూరేది. "ప్రయత్నమట! నేను బస్సును చక్కగా ప్రయత్నించానా, నడిపానా?" అని ఇంటికొచ్చేదాకా నా ప్రాణం తీసేది.

తను బస్సు పని మానేసి విశ్రాంతి తీసుకున్న ఏడాది, ఇద్దరం కారు వెనక కారవాన్, అదే చక్రాల ఇల్లు, తగిలించుకుని ఎటైనా పోదామనుకున్నాం. నాకు కౌన్సిల్లో రోడ్లు చదును చేసే యంత్రం నడిపిన ఉద్యోగం. జీవితమంతా దుమ్ము తిన్నవాణ్ణి. సముద్రం ఒడ్డున కుర్చీ వేసుకుని గాలం వేయాలని నా కోరిక. కొత్త గాలం కర్ర కూడా కొన్నాను. ఒక పొద్దున లేచి చూస్తే వంటింటి బల్ల మీద రాష్ట్రం పటం పరిచి ఉంది. నెరిడా ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చుంది.

"సముద్రం ఇటు కదా, పటం తిరగేసి పెట్టావేంటి?" అన్నాను.

"సముద్రం ఎక్కడికీ పోదు క్లెమ్. మనం పల్లెటూళ్ళకు పోతున్నాం."

"పల్లెటూళ్ళకా! ఇప్పుడు మనం ఉన్నదేంటి, పారిసా?"

"షో జరిగే ఊళ్ళకు. వారానికొకటి చొప్పున వరసగా ఉన్నాయి. ప్రతి ఊళ్ళో ఒక కేకు పెడతాను."

నేను నవ్వబోయి తన మొహం చూసి ఆగిపోయాను. పెన్సిలు కింద పెట్టింది. "నేను నిజంగానే రెండోదాన్నా, బెరిగుండాలో మాత్రమే రెండోదాన్నా? గ్లెనిస్ కేకేదో నా కేకేదో ఇక్కడ కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. నన్నూ నా కేకునూ ఎరగని మనిషి ఒక్కసారి కత్తి పెట్టి కోయాలి. చెత్త కేకంటే చెత్తే. ఆ మాటైనా తెలియాలి కదా."

ఇంత బతుకు బతికిన మనిషి అంత చిన్న మాట అడుగుతుంటే కాదనడానికి మనసు రాలేదు. సరేనన్నాను. గాలం మాత్రం కారవాన్‌లో పెట్టాను.

ఊళ్ళు ఎంచుకోవడం మొదలుపెడితే తల ప్రాణం తోకకొచ్చింది. తన షరతు ఒక్కటే, ఆ ఊళ్ళో మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఉండకూడదు. ఎలా దొరుకుతుంది? బస్సెక్కిన పిల్లలంతా పెద్దవాళ్ళై నలుమూలలా పెళ్ళిళ్ళు చేసుకుని కూర్చున్నారు.

"గుర్రాబీ ఎలా ఉంటుంది? నది ఉంది," అన్నాను.

"అక్కడ పశువుల డాక్టరు మన నార్మ్ కూతురు. రోజూ టిఫిన్ డబ్బా మరిచిపోయేది. వద్దు."

"పోనీ నల్లాంగ్?"

"పోలీసు మన కాలన్. వాడికి నేనంటే ఇప్పటికీ దడ. వద్దు."

"నెరిడా, నువ్వు ఊళ్ళు ఎంచుతున్నావా, హాజరు వేస్తున్నావా?"

చివరికి మరింబూ మిగిలింది. మాకు ఒక్క పురుగు కూడా తెలియదక్కడ. పబ్బులో మధ్యాహ్నం భోజనం బాగుంటుందని విన్నాను కాబట్టి నేనూ అడ్డు చెప్పలేదు.

మరింబూ షోలో జడ్జి తెల్లకోటు వేసుకున్న పొడుగాటి ముసలావిడ. పేరు వినిఫ్రెడ్. నెరిడా కేకును నడిమికి కోసింది, వాసన చూసింది, వేలితో అంచు నొక్కింది. తర్వాత అక్కడున్న జనమంతా వినేలా చెప్పింది.

"ఈ కేకు చేసినవాళ్ళు పెద్ద ఎండుద్రాక్షను కత్తిరించలేదు. చిన్న ద్రాక్షంత ముక్కలు చేయాలి. చేయకపోతే ఇదిగో, కత్తికి తగులుకుని కేకులో గుంటలు పడతాయి. గిన్నెకు కాగితం ఒక్క వరసే వేశారు, అంచు పెంకులా అయింది. రుచి తెలిసిన చేయే, కానీ బద్ధకపు చేయి."

మొదటిదీ లేదు, రెండోదీ లేదు, మూడోదీ లేదు. నెరిడా కారవాన్ వైపు నడిచింది. వెనకాలే పరిగెత్తాను. మెట్టు మీద కూర్చుని ఉంది. ఏడుస్తుందేమోనని జేబురుమాలు తీశాను.

"క్లెమ్, ఆవిడ నన్ను తిట్టింది."

"విన్నాను. పద, ఇంటికి పోదాం."

"ఇంటికెందుకు? ఇన్నేళ్ళలో నాకు ఈ ముక్క చెప్పిన మొదటి మనిషి ఆవిడే!" మొహం వెలిగిపోతోంది. మరుక్షణం కోపంతో ఎర్రబడింది. "మన ఊళ్ళో అందరికీ తెలుసన్నమాట. గ్లెనిస్‌కు తెలుసు. కార్డు రాసేవాళ్ళకు తెలుసు. పాపం బస్సు నెరిడా, మన పిల్లల్ని మోసింది, మొహం మీద ఎలా చెబుతాం అని ఏటా రెండో బహుమతి చేతిలో పెట్టి పంపేశారు. చక్కని ప్రయత్నం!"

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వూ తిన్నావుగా ఇన్నేళ్ళూ?"

"నాకు కేకంటే కేకే," అన్నాను. అది నిజం కూడా.

లేచి తిన్నగా వినిఫ్రెడ్ దగ్గరికే పోయింది. ఆ బద్ధకపు చేయి తనదేనని చెప్పి, ఎలా చేయాలో చూపించమని అడిగింది. ఇద్దరూ కేకుల బల్ల వెనక నిలబడి, గిన్నెకు లోపల ఎన్ని వరసల గోధుమరంగు కాగితం వేయాలో, బయట పాత పేపరు ఎలా చుట్టాలో చూసుకుంటూ సాయంత్రం దాకా ఉండిపోయారు. పబ్బులో భోజనం నేనొక్కణ్ణే చేశాను.

అనుకున్న ప్రకారం తర్వాతి ఊరు యరాగుల్. అక్కడ నది ఉంది, నదిలో నా చెయ్యంత చేపలున్నాయి. కానీ నెరిడా మళ్ళీ పటం పరిచింది. ఇంటి దగ్గరే కాల్చి తెచ్చిన కేకులన్నీ పాత పద్ధతిలో చేసినవే. కొత్తది కాల్చాలి. కారవాన్‌లో ఉన్న ఓవెన్ ఒక పక్క మాడ్చి, రెండో పక్క పచ్చిగా వదిలేస్తుంది. ఇక ఊళ్ళు ఎంచడానికి షరతు మారిపోయింది. దారి పొడుగునా ఉన్న ఒక్కో ఊరి షో కార్యదర్శికి ఫోన్ చేసి, "మీ ఊళ్ళో మంచి ఓవెన్ ఉందా?" అని అడగడం మొదలుపెట్టింది. కొందరు రాంగ్ నంబరని పెట్టేశారు.

కర్రావిన్ అనే ఊళ్ళో డాట్ అనే ఆవిడ ఎత్తింది. "మహిళా సంఘం హాల్లో ఒకటుంది. నిజం చెప్పాలంటే ఈ ఊళ్ళో సరిగ్గా పనిచేసేది అదొక్కటే. రండి," అంది.

అబద్ధం చెప్పలేదు. కర్రావిన్‌లో నది లేదు. పబ్బు మూసేశారు. బేకరీ తలుపుకు చెక్కలు కొట్టేశారు. ఉన్నదల్లా ధాన్యం నిలవచేసే పొడుగాటి గాదె, ఎవరూ దిగని రైల్వే స్టేషను, ఆ హాలు. "ఇంత పెద్ద దేశంలో ఎంచి ఎంచి దీన్ని పట్టుకున్నావు," అని విసుక్కున్నాను. నెరిడా అప్పటికే ఓవెన్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూస్తోంది.

షోకు వారం ఉంది. మొదటి రోజు డాట్ ఒక్కతే వచ్చి కూర్చుంది. మర్నాటికి ఊళ్ళో ఆడవాళ్ళంతా కత్తెరలు పట్టుకుని వచ్చేశారు. నెరిడా ద్రాక్ష కత్తిరిస్తుంటే చుట్టూ చేరి వాళ్ళూ కత్తిరించారు. కాల్చిన కేకు కాల్చినట్టు కోసి తిన్నారు. అక్కడ ఆమె ఎవరి పిల్లల్నీ మోయలేదు కదా, నోళ్ళకు తాళాల్లేవు.

"నడుమ ఇంకా ఉడకాలి తల్లీ."

"ఇది కేకా, గుమ్మానికి అడ్డం పెట్టుకునే రాయా?"

"నిన్నటిదే నయం. ఇవాళ చేయి ఎక్కడో, మనసెక్కడో పెట్టావు."

ప్రతి మాటకూ నెరిడా తల ఊపేది, మళ్ళీ గిన్నె కడిగేది. అంత సంతోషంగా తిట్లు తిన్న మనిషిని నేను చూడలేదు. నేనూ ఊరుకోలేక వాళ్ళ షో మైదానం దారి చదును చేసిపెట్టాను. పేరుకు ఒక యంత్రం ఉంది, నడిపేవాడే లేడు.

పేరు నమోదు చేసేటప్పుడు నెరిడా వెనకాడింది. "ఇక్కడ గెలిచినవాళ్ళు మీ ఊరి తరఫున ప్రాంతీయ పోటీకి వెళ్ళాలి కదా. నేను ఈ ఊరిదాన్ని కాదే."

"వారం రోజులుగా మా కరెంటు కాల్చావు, మా అందరినీ కేకుతో లావు చేశావు. ఇంకెలా అవుతారు ఈ ఊరివాళ్ళు?" అంది డాట్. షో నిబంధనల్లో కూడా ఎవరైనా పెట్టొచ్చనే ఉంది.

ఆ శనివారం దూరం నుంచి వచ్చిన జడ్జి అయిదు కేకులు కోశాడు. మొదటి బహుమతికిచ్చే నీలం రిబ్బను తీసి నెరిడా కేకు మీద పెట్టాడు. కర్రావిన్ ఆడవాళ్ళు వేసిన కేకకు గొర్రెలన్నీ కంచెకు అటువైపు పరిగెత్తాయి. నెరిడా ఆ రిబ్బనును రెండు చేతుల్తో పట్టుకుని, అది తనదేనా కాదా అన్నట్టు చాలాసేపు చూసింది. నీలం రంగు తనకు బాగా నప్పుతుందని అప్పుడే నాకు తెలిసింది.

ప్రాంతీయ పోటీ పెద్ద పట్నంలో జరిగింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో గెలిచిన కేకులు ఒకే బల్ల మీద వరసగా ఉన్నాయి. పేర్లుండవు, ఊరి పేరే ఉంటుంది. బెరిగుండా కేకంటే గ్లెనిస్‌దని వేరే చెప్పక్కర్లేదు. మా ఊరివాళ్ళు ఏటా వచ్చినట్టే వచ్చారు. నెరిడా తన మరో ఊరి వాళ్ళతో ఎదటి వరసలో కూర్చుని ఉండటం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. కర్రావిన్ వాళ్ళు దొరికిన ప్రతి బండీ ఎక్కి వచ్చారు. ఊరికి ఎవరైనా కాపలా ఉన్నారో లేదో నాకు అనుమానమే.

జడ్జీలు కోశారు, తిన్నారు, గుసగుసలాడుకున్నారు. మళ్ళీ కోశారు. నెరిడా నా చెయ్యి పట్టుకున్న పట్టుకు వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"రెండో బహుమతి, బెరిగుండా."

మా ఊరివాళ్ళంతా చప్పున గ్లెనిస్ వైపు తిరిగారు.

"మొదటి బహుమతి, కర్రావిన్."

డాట్ కుర్చీ ఎక్కి అరిచింది. నా పక్కనున్న ముసలాయన టోపీ ఎగరేశాడు, అది ఇంకెవరి తల మీదో పడింది. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. మా బెరిగుండా వాళ్ళు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిన్నప్పుడు ఆ బస్సులోనే చివాట్లు తిన్న ఒకడు ముందుగా లేచి నిలబడ్డాడు. తర్వాత అందరూ లేచారు. సిడ్నీలో జరిగే చివరి పోటీకి అర్హత పత్రం నెరిడా చేతికిచ్చారు. ఆమె ఆగకుండా నవ్వుతోంది.

అప్పుడు గ్లెనిస్ వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో నెరిడా కేకు ముక్క. ఇన్నేళ్ళుగా వీధిలో ఎదురైతే ఎండ గురించీ వాన గురించీ తప్ప ఇద్దరూ కేకు ఊసెత్తిన పాపాన పోలేదు. గ్లెనిస్ ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. కొరికింది. నిదానంగా నమిలింది. మా ఊరివాళ్ళంతా దగ్గరికి జరిగారు.

"బాగుంది నెరిడా," అంది. తర్వాత గొంతు సవరించుకుంది. "కానీ పైన ఎడమ పక్క కొంచెం ఎత్తు లేచింది. పిండి సమంగా సర్దలేదు నువ్వు."

నెరిడా చప్పున కేకు మీదికి వంగి చూసింది. నేను మధ్యలో దూరదామనుకున్నాను.

"నిజమే," అంది నెరిడా. కళ్ళ నిండా నీళ్ళు. రిబ్బను వచ్చినప్పుడు కూడా రాని నీళ్ళు. పక్కనున్న ఖాళీ కుర్చీని కాలితో గ్లెనిస్ వైపు తోసింది. "కూర్చో. ఇంకా ఏమేం తప్పులున్నాయో అన్నీ చెప్పు."

గ్లెనిస్ కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదలుపెట్టింది.