అవ్వ మొక్కలకు పట్టిన మైల

అక్టోబరు 12, ఆదివారం, మార్కాపురం. ఈ ఉదయం మా పెరట్లో నేతిబీర పద్దెనిమిదో పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయింది. ఏ రోజుది ఆ రోజు రాసుకుంటాను కాబట్టి లెక్కలో తేడా లేదు. ఎందుకిలా అయిందో కూడా తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... కొమరోలు దగ్గర మా ఊళ్ళో, అవ్వ దొడ్డి. మధ్యలో నేతిబీర పందిరి. చుట్టూ గట్టు మీద తంగేడు, తుమ్మి, కుక్కతులసి... వాటిని ఎవరూ నాటలేదు, అవ్వ ఎవరినీ పెరకనిచ్చేదీ కాదు. తెల్లవారి పందిరి కిందికి వెళితే తేనెటీగల రొద...

"ఈ కలుపంతా ఎందుకవ్వా?" అని అడిగితే, "ఈగలు మన బీరపూల కోసరం ఏడాదంతా పస్తుండాల్నా ఏంది? వాటికి కడుపు లేదా?" అనేది.

ఒక ఏడు మా పిన్ని, అంటే అవ్వ చిన్నకోడలు, కొనకనమిట్లలో పుట్టింటికి వెళ్ళి ముద్దమందార మొక్కతో వచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. అవ్వ దొడ్డి వాకిట్లోనే ఆపేసింది.

"చెట్టు ఆడనే పెట్టు. దానికి మైల."

పిన్ని ముఖం ఎర్రబడింది. "మా పుట్టింటి చెట్టుకు మైలేంది అత్తా?"

"నువ్వు రా తల్లీ, కాళ్ళు కడుక్కో. నీ చెట్టుకు మటుకు నెల దాకా పురుడే."

"పురుడైతే బాలింతకు పెట్టినట్టు కాయం కూడా నూరి పెడతావా దానికి?"

అందరం నవ్వాం. పిన్ని మాత్రం రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు.

నేనప్పుడు గిద్దలూరు హైస్కూల్లో ఎనిమిదో తరగతి. "మొక్కలకు మైల ఉండదవ్వా, మా సైన్సు పుస్తకంలో లేదు" అన్నాను.

"ఆ కాగితం ఎవురో చించుకోని పోయినారేమో, చూడుపో."

ఆ నెలంతా అవ్వ రోజూ పొద్దున్నే గోడ బయటికి వెళ్ళి, చట్టిలో ఉన్న మందార ఆకులు ఒక్కొక్కటే తిప్పి వెనకవైపు చూసేది. నేను చూశాను... ఎందుకని అడగలేదు. ఆ మందారకు ఏ పురుగూ లేదు. నెల తిరిగాక లోపలికి వచ్చింది. నేనే గెలిచాననుకున్నాను.

తర్వాత ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పాను. పువ్వు మీద వాలిన తేనెటీగను రంగు సుద్దలతో బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో. మైల, అంటు అనే మాటలు ఇంట్లో వినపడనివ్వలేదు. అందుకు విచారం లేదు, మనుషుల మీద వాడిన ఆ మాట చెడ్డదే. కానీ ఆ మాటతో పాటు, కొత్త మొక్కను నెల రోజులు బయట ఉంచి చూసే పనిని కూడా పారేశాను...

శ్రావణంలో పక్కింటి ఖాజాబీ నర్సరీ నుంచి రెండు బొప్పాయి మొక్కలు తెచ్చింది. "ఒకటి నీకక్కా. ఆకు కింద ఏందో తెల్లగుండాది, కొన్నాళ్ళు బయటుంచుదామా?" అంది.

"మట్టి అంటుకుందిలే" అన్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూడలేదు. ఆ సాయంత్రమే నేతిబీర పాదు పక్కన నాటాను.

మూడు వారాలకు దూది అంటించినట్టు పిండినల్లి. ఇది మన నేల పురుగు కాదట, బయటి దేశాల నుంచి వచ్చిందట. బొప్పాయి నుంచి బీరకు పాకింది. కంగారులో ఇంకో రెండు తప్పులు చేశాను. దుకాణంలో ఇచ్చిన మందు పొద్దున్నే, విచ్చిన పూల మీదే కొట్టించాను. పురుగుకు చోటు ఉండకూడదని గట్టు మీది తుమ్మి, కుక్కతులసి అంతా పెరికించాను. మర్నాడు పందిరి కింద చచ్చిపడిన తేనెటీగలు ముప్పై ఒకటి. ఆ తర్వాత ఒక్కటీ రాలేదు.

ఈ నేతిబీర గింజ అవ్వది... అమ్మకు, ఆపైన నాకు వచ్చింది. కిందటేడు గింజకు వదిలిన కాయ వానకు కుళ్ళి, తొమ్మిదే మిగిలాయి. ఒక్కటీ దాచకుండా అన్నీ పెట్టేశాను. మిగతావి పురుగుకు పోయి, ఇప్పుడున్నది ఒక్క తీగ.

ఈ ఉదయం రాలిన పిందెను చేతిలోకి తీసుకుని ఖాజాబీ, "అంతమంది పిల్లోళ్ళకు పాఠం చెప్పినావు, ఈ పూలకు చెప్పలేవా అక్కా?" అంది. నన్ను నవ్వించాలనే. నవ్వు రాలేదు... కానీ మగపువ్వును చేత్తో అద్దవచ్చన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తీగ కొసన ఒక ఆడమొగ్గ ఉంది. రేపు విచ్చుకుంటుంది.

ఇక జరగవలసినవి:

1. రేపు ఉదయం ఆరింటికి మగపువ్వు తుంచి, రేకులు తీసి, ఆడపువ్వుకు నేనే అద్దాలి.

2. కాయ నిలిస్తే ఎవరూ కోయకూడదు. తీగ మీదే ఎండాలి. గింజలు ఈసారి మూడిళ్ళలో ఉండాలి.

3. పెరికిన బొప్పాయి వీధిలో పడకూడదు. సంచిలో కట్టి ఎండలో పెట్టాను. కాల్చేదాకా మూతి విప్పకూడదు.

4. గట్టు మీద తుమ్మి, తంగేడు మళ్ళీ మొలవాలి. పెరికే హక్కు నాకు కూడా లేదు.

5. కొత్త మొక్క ఎవరు తెచ్చినా, నా కూతురే తెచ్చినా, నెల రోజులు బయటే. రోజూ ఆకు వెనక చూడాలి.

6. రేపటి పువ్వు కూడా నిలవకపోతే... కొమరోలు, గిద్దలూరు, కనిగిరి వైపు మీలో ఎవరింట్లోనైనా పాత నేతిబీర గింజ ఉంటే కింద రాయండి. మీ దొడ్లో తేనెటీగలు ఇంకా వాలుతున్నాయా, అదీ రాయండి. బస్సెక్కి నేనే వస్తాను. మా పురుగు నా చీరకు అంటుకుని రావచ్చు... నన్ను లోపలికి పిలవకండి. గింజలు గేటు బయటికే తెచ్చి ఇవ్వండి.