పుస్తకంలో లేని 214వ పేజీ

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోతలెక్కువ. నేను చెప్పినదాంట్లో మా ఆవిడ పదో వంతే నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి.

2023 ఎండాకాలం. ఎచ్చెర్లలో మా డీటీపీ షాపు, అంటే థీసిస్‌లు టైపు చేసి, బైండు కట్టి, పరిశోధకుల కన్నీళ్లు తుడిచి పంపే చోటు. ఆ రోజు ఫ్యాను నుంచి నిప్పులు రాలుతున్నాయి. సరిగ్గా అప్పుడే భారతి స్కూటీతో సహా షాపులోకి దూసుకొచ్చింది. సరే, స్కూటీ గుమ్మం బయటే ఆగింది.

"బాబాయ్, కొంప ములిగిపోనాది!"

భారతిది పొందూరు. ఖద్దరు నూలు వడికే పద్ధతుల మీద ఆరేళ్లు పరిశోధన చేసింది. ఆ థీసిస్ టైపు చేసింది నేనే. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. "కొత్త దవడైతే పోగు తెగుతుంది, ఏడాది అరిగినదైతేనే నిలుస్తుంది" అని ఆమె రాసిన వాక్యం దగ్గరే పరీక్షకుడు ఆగిపోయాడు. దాని కింద సైటేషన్, అంటే ఆ మాట ఎక్కడిదో చెప్పే ఆనవాలు, ఉంది: ఓ పెద్దాయన పుస్తకం, 214వ పేజీ. ఆ పుస్తకానికి ఉన్నవే 180 పేజీలు! వారంలోగా సరైన ఆధారం చూపించకపోతే వైవా, అంటే ఆఖరి మౌఖిక పరీక్ష, లేదు. వైవా లేకపోతే ఆరేళ్లూ గంగపాలే.

మూడు రోజులు వెతికాం. మేం తిరగేసిన పుస్తకాలు పేర్చి ఉంటే భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో దిగబోయే విమానాలకి అడ్డం వచ్చేవి. ఆ మాట ఎక్కడా లేదు. చివరికి అడిగేశాను.

"నిజం సెప్పు తల్లీ. ఈ ముక్క ఏ పుస్తకంలో సదివినావు?"

తల దించుకుంది. "సదవలేదు బాబాయ్. మా మామ్మ సెప్పినాది."

"మరి మామ్మ పేరే రాయొచ్చు కదేటి?"

"ఆవిడకి ఏలిముద్రే కదా. రిఫరెన్సుల్లో అందరూ ప్రొఫెసర్లే, వాళ్ల పక్కన మా మామ్మేటి, నవ్వరా? అందుకే ఆ పుస్తకం పేరెట్టి, పేజీ దగ్గర ఖాళీ వదిలీసినాను. మరి ఈ 214 ఎక్కడినుంచి వచ్చినాదో!"

"అయ్యన్నీ ఇప్పుడెందుకు? స్కూటీ తియ్యి" అన్నాను గబగబా.

పొందూరులో మామ్మ నర్సమ్మ గారు రాట్నం ముందు కూర్చుని ఉన్నారు. మాట చెప్పిన మనిషి కూడా ఆధారమే, పేరూ ఊరూ తేదీ వేసి ఇంటర్వ్యూ అని రాస్తే చాలు అని భారతికి ధైర్యం చెప్పి, ఫోన్లో రికార్డింగు నొక్కాను.

"మామ్మా, నీ పేరు పుస్తకంలోకి ఎక్కుతాది!"

"ఏ మాటకి బాబూ?"

భారతి ఆ వాక్యం చదివింది. రాట్నం ఠక్కున ఆగింది.

"అది నా మాటేటి? మా అత్త సూరమ్మ సెప్పినాది. ఆవిడ పేరు తీసీసి నా పేరెట్టీమంటావేటే గుంటా? ఒకరి మాటకి ఇంకొకరి పేరెట్టడం దొంగతనం కాదేటి?"

నేను టైపు చేసిన థీసిస్‌లన్నీ కలిపినా అంత తిన్నగా చెప్పలేదు. భారతి మామ్మ చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

మర్నాడే యూనివర్సిటీకి తప్పు ఒప్పుకుంటూ భారతి ఉత్తరం, దాంతో కొత్త ఫుట్‌నోట్: నర్సమ్మ, పొందూరు, ఇంటర్వ్యూ, తేదీ, ఈ మాట తన అత్త సూరమ్మ వద్ద విన్నట్టు చెప్పారు. వైవాలో పరీక్షకుడి మొదటి ప్రశ్న, "ఆ దవడ ఎలా ఉంటుందమ్మా?" భారతి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసి చేతిలో పెట్టింది. ఇప్పుడు డాక్టర్ భారతి.

ఇక నా కోతల సంగతి. నిప్పులు, విమానాలు, స్కూటీ... అవి ఎవరినీ ఏమీ చెయ్యవు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే: 214. ఖాళీ కనిపిస్తే టైపు చేసే చెయ్యి ఊరుకోదు. బోసిగా ఉందని నా బండి నంబరులోని చివరి మూడంకెలు కొట్టేశాను. ఆ రోజు రాట్నం ముందే ఒప్పేసుకున్నాను. మామ్మ ఏడాది అరిగిన దవడ ఒకటి నా మొహం ముందు ఆడించారంతే.

ఇప్పుడు ఖాళీ కనబడితే కీబోర్డు వదిలేసి ఫోను అందుకుంటాను.