మొగలిపేట కోసం మూడేళ్ళు

పతివాడ పద్మకుమారి ఉద్యోగం కోసం డిగ్రీ చదువుతోందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. అనుకోనివ్వండి. ఆ పిల్ల చదివింది వాళ్ళ నాయనమ్మ ఊరిని వెతకడానికి.

నాయనమ్మ సుభద్రమ్మ పుట్టింది మొగలిపేటలో. భోగాపురానికి తూర్పున, సముద్రపు ఒడ్డునే ఉండేదట. ఆవిడకి ఏడేళ్ళప్పుడు గాలివానకి ఉప్పెనొచ్చి ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. ఎవరో జాలిపడి పెంచి పెద్దచేసి, పతివాడవారింటికి కోడలిగా పంపారు. అప్పట్నుంచి కూరలో ఉప్పెక్కువైనా అత్తవారి నోట ఒకటే మాట: ఊరూ పేరూ లేని మనిషి. అరవయ్యేళ్ళు వింటే ఎంతటివాళ్ళకైనా అనుమానం పుడుతుంది. ఆవిడకీ పుట్టింది.

"ఆ ఊరు నిజంగా ఉండీదేటే? నేను గానీ కలగన్నానేటి? సచ్చిపోయేలోగా ఎవులైనా సెప్తే బాగున్ను," అంది 1966లో, మనవరాలు పెట్టె సర్దుకుని విజయనగరం కాలేజీకి బయల్దేరుతుంటే.

కాలేజీ లైబ్రరీలో ఎత్తయిన కిటికీలు. వాటిలోంచి పడే పచ్చటి ఎండలో దుమ్ము తీరిగ్గా తేలుతూ ఉండేది. అక్కడ కూర్చుంటే పద్మకుమారికి పొద్దు తెలిసేది కాదు. ఇన్ని పుస్తకాల్లో ఏదో ఒకటి తెరవగానే మొగలిపూల వాసన వస్తుందని ఎదురుచూసేది, పిచ్చిపిల్ల.

లైబ్రేరియన్ కూర్మనాథం గారు పుస్తకం తీసి చేతిలో పెట్టే రకం కాదు. "సొరుగుల్లో చూసుకో" అనేవారు. గోడవారన వరసగా సొరుగులు, వాటినిండా రాసినవాళ్ళ పేర్ల వరసలో పుస్తకాల కార్డులు. ఆ తీరప్రాంతం గురించి జార్జ్ పెంబర్టన్ అనే దొర రాశాడని చరిత్ర మాస్టారు చెబితే, పద్మకుమారి జార్జ్ కోసం వెతికింది. మనకి ఇంటిపేరు ముందు కదా, దొరగారి ఇంటిపేరు జార్జ్ అనుకుంది. రెండు నెలలు కార్డులన్నీ తిరగేసి, దొరక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు లేచొచ్చారు కూర్మనాథం గారు.

"దొరలకి ఇంటిపేరు చివర్లో ఉంటుందమ్మా. కార్డు మీద మాత్రం ముందుకొస్తుంది. ఇక్కడ ఎవరినైనా ఇంటిపేరుతోనే పట్టుకోవాలి."

"ముందే సెప్పొచ్చు గదండీ?"

"చెబితే మర్చిపోదువు."

మొండి మనిషి. తర్వాతి కాలంలో పద్మకుమారి కూడా లైబ్రేరియన్ అయింది. ముప్పయ్యేళ్ళలో తనూ ఎవరికీ పుస్తకం ఊరికే తీసివ్వలేదు. ఇంటిపేరు సంగతి మాత్రం మొదటిరోజే చెప్పేసేది.

రెండో ఏడు పెంబర్టన్ దొరతోనే గడిచింది. పుస్తకాన్ని మధ్యలో తెరవడం తప్పని ఇంట్లో నేర్పారు. అందుకని పారాయణం చేసినట్టు మొదటి పేజీతో మొదలెట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని, దసరా నాటికి తొంభయ్యో పేజీకి చేరింది. కూర్మనాథం గారు చూసి నవ్వుకుని, పుస్తకం చివర ఇండెక్సు తెరిచి చూపించారు. ఊళ్ళన్నీ వరసగా ఉన్నాయి. మొగలిపేట లేదు. ఆ వారం ఇంటికెళ్ళినప్పుడు నాయనమ్మ ముఖం చూడలేక, తలనొప్పని చెప్పి ముసుగుతన్ని పడుకుంది.

మూడో ఏడు పేజీ అడుక్కి చూడటం అలవాటైంది. అక్కడ సన్నటి అక్షరాల్లో ఫుట్‌నోట్లు ఉండేవి, ఈ మాట ఎక్కడిదో చెబుతూ. ఒక ఫుట్‌నోటు ఇంకో పుస్తకానికి, అది మరో నివేదికకి దారి చూపేది. కలలో గది వెనక గది తెరుచుకుంటున్నట్టుండేది ఆమెకి. విజయనగరంలో సముద్రం ఎక్కడుంది? అయినా హోరు వినిపించేది. అలా వెళ్ళి వెళ్ళి, 1969 ఫిబ్రవరిలో, మేడమీద తాళ్ళతో కట్టిపడేసిన పాత నివేదికల్లో దొరికింది: మొగలిపేట. నలభైరెండిళ్ళు. ఊరు సముద్రపాలు. బతికినవి పదకొండు కుటుంబాలు.

శనివారం బస్సు దిగి, కాళ్ళైనా కడుక్కోకుండా నాయనమ్మ మంచం మీద కూర్చుని, రాసుకొచ్చినదాన్ని తెలుగు చేసి చదివింది. సుభద్రమ్మ మళ్ళీ చదవమంది. మూడోసారి విని కళ్ళు తుడుచుకుంది.

"పదకొండు కాదే, పన్నెండు. మాయింట్లో నేనొక్కదాన్నే మిగిల్నాను. ఒక్క ఆడపిల్లని ఇల్లని ఎవులు లెక్కేస్తారు?"

పద్మకుమారి ఆ కాగితం మీదే పెన్ను పెట్టి అడిగింది.

"నాయనమ్మా, మీ కన్నోరి ఇంటిపేరేటి?"

అది కన్నకొడుకులకే తెలీదు. ఎవరూ అడగలేదు మరి. ఆవిడ చాలాసేపు కళ్ళు మూసుకుని వెతుక్కుంది.

"కోరాడోరం," అంది. "మా అయ్య కోరాడ సోములు."

మార్చిలో పద్మకుమారి చరిత్ర మాస్టారికి మొగలిపేట మీద వ్యాసం రాసిచ్చింది. అందులో పదకొండు అన్న అంకె పక్కన చిన్న గుర్తు పెట్టి, పేజీ అడుగున ఇలా రాసింది: పన్నెండు. ఆధారం: కోరాడ సుభద్రమ్మ, మొగలిపేట.